వేలికి నచ్చిన మీట

పల్నాడులో గాని, ప్రకాశం మెట్టల్లో గాని బోరు కింద మిరప వేసే ఇంట్లో పుట్టినవారికి స్టార్టరు డబ్బా గురించి చెప్పక్కర్లేదు. మోటారు గదిలో గోడకు బిగించి ఉంటుంది. దాని మీద పచ్చ బటన్ ఒకటి, ఎర్ర బటన్ ఒకటి. పచ్చది నొక్కితే లోపల 'టక్' మంటుంది, మోటారు అందుకుంటుంది. వేలు తీయగానే బటన్ వెనక్కి వచ్చేస్తుంది గాని మోటారు ఆగదు. లోపలున్న కాయిల్ ఇనుప ముక్కను లాగి పట్టుకుని ఉంటుంది మరి. కరెంటు పోయిందంటే ఆ పట్టు వదిలేస్తుంది.

ఆ తర్వాత కరెంటు వచ్చినా మోటారు తనంతట తాను తిరగదు. ఎవరో ఒకరు వెళ్లి మళ్లీ పచ్చ బటన్ నొక్కాల్సిందే. రాత్రి కరెంటు రోజుల్లో టార్చిలైటు పట్టుకుని గట్ల మీద నడిచి వెళ్లినవారికి ఆ 'టక్' చప్పుడు ఎంత హాయిగా వినిపించేదో వాళ్లే చెప్పాలి. నీళ్లు పడే చప్పుడు ఆ తర్వాతెప్పుడో వినిపిస్తుంది. ముందు ఆ బటన్ మాట్లాడాలి.

ఈ మధ్య అలాంటి పచ్చ బటన్‌నే చిలకలూరిపేటలో ఓ మేడ మీద గదిలో, కంప్యూటరు ముందు చూశాను.

మాకు బాగా తెలిసిన కుటుంబం వాళ్లది. అబ్బాయి ఇంజినీరింగ్ చదివి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. వారంలో సగం రోజులు ఇంటి నుంచే పని. ఆ గదిలో ఒకప్పుడు పత్తి బోరేలు ఉండేవి. ధర వచ్చేదాకా అమ్మకుండా మేడ మీదికెక్కించి దాచిన పత్తి. ఇప్పుడు అక్కడ ఒక బల్ల, దాని మీద సోల్డరింగ్ ఐరన్, లెడ్డు చుట్ట, చిన్న చిన్న డబ్బాల్లో బియ్యపు గింజంత డయోడ్లు. మధ్యలో కన్నాలు పెట్టిన ప్లైవుడ్ పలక. అబ్బాయి కీబోర్డు తయారు చేసుకుంటున్నాడు.

దుకాణంలో దొరికే స్విచ్‌లతో కాదు. పాడైపోయిన మౌసుల్లోంచి ఊడదీసిన క్లిక్ స్విచ్‌లు అక్షరాలకు. స్పేస్ బార్ కింద కాలింగ్ బెల్ బటన్ లోపలి భాగం. ఎంటర్ దగ్గర మాత్రం పాత స్టార్టరులోంచి తీసిన పచ్చ బటన్, ఉన్నది ఉన్నట్టుగా.

వాళ్ల తాతగారు మెట్లెక్కి వచ్చి చాలాసేపు చూశారు. తర్వాత చూపుడు వేలితో ఆ పచ్చ బటన్ నొక్కారు. తెర మీద గీత ఒక వరస కిందికి దిగింది.

"ఇది మన పడమటి చేలో డబ్బాది కదరా అబ్బాయ్?"

"అవును తాతయ్యా. మోటారు మార్చినప్పుడు నాన్న పడేయబోతుంటే తీసుకున్నా."

ఆయన ఇంకోసారి నొక్కారు. మళ్లీ నొక్కారు. తెర వంక చూడటం లేదు. వేలికింద ఏదో పాత పరిచయం తగిలినట్టుంది.

ఆ అబ్బాయి చెప్పిన సంగతులు నాకు కొత్త. గదిలో లైటు స్విచ్ ఎందుకు పనికిరాదని అడిగాను. అది నొక్కితే నొక్కిన చోటే ఉండిపోతుంది, అక్షరానికి కావలసింది నొక్కి వదలగానే వెనక్కి వచ్చేదని చెప్పాడు. అందుకే కాలింగ్ బెల్ బటన్ పనికొచ్చింది, స్టార్టరు బటన్ పనికొచ్చింది. మౌసులో ఉండే క్లిక్ స్విచ్‌ది అయితే పాత వంశమే. 1932లో అమెరికాలోని ఫ్రీపోర్ట్ అనే ఊళ్లో పుట్టింది. వంచిన రేకు ముక్క ఒక హద్దు దాకా ఓర్చుకుని, అది దాటగానే చటుక్కున అటు తిరుగుతుంది. వేలికి తెలిసేది ఆ చటుక్కుమనడమే.

ఇబ్బందులూ ఉన్నాయి. 415 వోల్టుల లైను మీద పనిచేయడానికి పుట్టిన బటన్ ఇక్కడ 3.3 వోల్టులతో కాలక్షేపం చేయాలి. పెద్ద కరెంటు వెళ్తున్నప్పుడు లోపలి పాయింట్ల దగ్గర చిన్న నిప్పురవ్వ పుట్టి, వాటి మీద పట్టిన పలచటి పొరను కాల్చేస్తుంది. కొద్దిపాటి కరెంటుకు ఆ రవ్వ రాదు. పొర అలాగే ఉండిపోతుంది. నొక్కినా ఒక్కోసారి కంప్యూటరుకు తెలియదు. అందుకని అబ్బాయి పాయింట్లు విప్పి, గీతలు పడకుండా తుడిచి, మళ్లీ బిగించాడు.

ఇంకోటి, రెండు లోహపు ముక్కలు తగిలినప్పుడు ఒక్కసారిగా అతుక్కోవు. కంటికి కనపడనంత వేగంతో ఎగిరెగిరి పడి అప్పుడు కుదురుకుంటాయి. ముక్క పెద్దదైతే ఆ ఎగురుడూ ఎక్కువే. కంప్యూటరు దాన్ని రెండు మూడు నొక్కులనుకుంటుంది. కాబట్టి ఒకసారి తగిలాక సెకనులో వెయ్యోవంతులు కొన్ని ఆగి అప్పుడు లెక్కపెట్టమని ప్రోగ్రాములో చెప్పాలి. అలా చెప్పుకునే వీలున్న క్యూఎంకే అనే ప్రోగ్రామును ఎవరైనా ఉచితంగా తీసుకుని తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. కావలసిన చిన్న కంప్యూటరు బోర్డు బొటనవేలంత ఉంటుంది. దానికి మీట మీటకూ విడిగా తీగ వేయరు. అడ్డ వరసలకు కొన్ని, నిలువు వరసలకు కొన్ని వేస్తే చాలు, ఏ వరస ఏ వరసతో కలిసిందో చూసి అక్షరం పోల్చుకుంటుంది. ఒకేసారి మూడు నాలుగు మీటలు నొక్కినా తికమక పడకుండా ప్రతి మీటకూ ఒక డయోడు.

తీగలు, బోర్డులు కొన్ని గుంటూరులో దొరికాయట. మిగతావి హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో. అక్కడ గంపల్లో పోసి ఉన్న పాత స్విచ్‌లను ఒక్కొక్కటీ నొక్కి చూస్తూ పూట గడిపేశానని చెప్పేటప్పుడు అతని ముఖం చూడాలి. దుకాణంవాడు విసుక్కోలేదట. ఇంకో గంప తెచ్చి ముందు పెట్టాడట.

నొక్కి చూసి ఎంచుకోవడమన్నది లోకంలో చాలామందికే ఉన్న ముచ్చట. మన ఆఫీసుల్లో, ఇళ్లలో ఉండే మామూలు కీబోర్డు మూత తీస్తే పలచటి ప్లాస్టిక్ పొరలు, వాటి మీద గీసిన విద్యుత్ దారులు, పైన రబ్బరు బుడిపెలు కనిపిస్తాయి. నొక్కితే మెత్తగా దిగి ఊరుకుంటుంది. పనికి లోటు లేదు. అంతకుముందు కీబోర్డులు ఇంత మౌనంగా ఉండేవి కావు. ఐబీఎం కంపెనీ 1985లో తెచ్చిన మోడల్ ఎం కీబోర్డులో ప్రతి మీట కిందా ఒక స్ప్రింగు నిలబడి ఉంటుంది. నొక్కుతూ పోతే ఒక చోట అది నడుం వంచేస్తుంది, ఆ ఊపుకు అడుగున చిన్న సుత్తి పడుతుంది. చప్పుడు, దెబ్బ, అక్షరం మూడూ ఒక్కసారే. ఇప్పటికీ ఆ పాత కీబోర్డును వదలనివాళ్లు ఉన్నారు.

1980ల్లోనే జర్మనీ కంపెనీ చెర్రీ విడివిడి స్విచ్‌లు తెచ్చింది. రంగును బట్టి స్వభావం. ఎర్రది అడ్డు లేకుండా దిగుతుంది. గోధుమరంగుది మధ్యలో చిన్న గతుకు తగిలిస్తుంది. నీలానిది టిక్కుమంటుంది. నల్లది కాస్త గట్టిపిండం. మీట మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, సగం దూరం దిగేసరికే అక్షరం పడుతుంది. ఆ 4 మిల్లీమీటర్ల లోపల ఇన్ని రకాల అనుభవాలున్నాయని వేలికి తెలిసినట్టు మనసుకు తెలియదు.

ఇంకా ముందుకు వెళ్లినవాళ్లున్నారు. గాజు గొట్టంలో రెండు సన్నటి రేకులు పెట్టి మూసేసిన రీడ్ స్విచ్ ఉంది. అయస్కాంతం దగ్గరికి రాగానే లోపలి రేకులు కలుస్తాయి. తలుపులకు పెట్టే దొంగ అలారంలో ఉండేది అదే. అసలు లోహాలు తగలనే అక్కర్లేని పద్ధతీ ఉంది. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రం అది. మీట కింద అయస్కాంతం ఉంటుంది, అది ఎంత దగ్గరికొచ్చిందో అడుగునున్న చిప్ పసిగడుతుంది. అరిగేందుకు పాయింట్లే లేవు.

ఇది విన్నప్పుడు నాకు గుంటూరు మిర్చి యార్డు గుర్తొచ్చింది. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించేచోట, కాటాల దగ్గర గాలిలోనే కారం ఉంటుంది. కొత్తగా వచ్చినవాడు తుమ్ముతూనే ఉంటాడు. ఆ పక్కనే బిల్లులు కొట్టే కంప్యూటరు. దాని కీబోర్డు మీద ప్లాస్టిక్ కాగితం కప్పి, దాని మీదనే కొడుతుంటారు. జిన్నింగు మిల్లు ఆఫీసులో కారం ఉండదు గాని దూది నూగు. కీబోర్డు తిరగేసి దులిపితే తెల్లగా రాలుతుంది. గాజు గొట్టంలో మూసి ఉన్న స్విచ్‌కు, అయస్కాంతంతో పనిచేసే మీటకు ఈ ధూళి ఏం చేస్తుంది? మన నేలకు తగిన కీబోర్డు ఎలా ఉండాలన్న ఆలోచన ఏ కంపెనీకీ రాకపోవచ్చు. చిలకలూరిపేట అబ్బాయికి వచ్చింది. తర్వాత చేయబోయేది రీడ్ స్విచ్‌లతోనట, వాళ్ల నాన్న కూర్చునే మిల్లు గుమాస్తా బల్ల కోసం.

బజారులో రెండు మూడు వందలకు దొరికేదానికి ఇన్ని నెలల అవస్థ ఎందుకని వాళ్లమ్మగారు అడిగారు. అడగడంలో కోపం లేదు, పిల్లవాడు అన్నం చల్లారబెట్టుకుంటున్నాడన్న బెంగ ఉంది అంతే. నాకు జవాబు తోచింది గాని అప్పుడు చెప్పలేదు.

మన పల్లెల్లో పార కొనేటప్పుడు పార ఒక్కటే కొనేవారు. కామ మాత్రం ఊళ్లో వడ్రంగి దగ్గర చేయించుకునేవారు, మంచి తుమ్మ కర్ర చూసి. వడ్రంగి చెక్కుతూ చెక్కుతూ మధ్యలో ఆపి మనిషి చేతికిచ్చేవాడు. పట్టుకుని ఒకసారి ఊపి, 'ఇక్కడ కొంచెం తీయ్' అంటే తీసేవాడు. పొడుగు మనిషికి ఒక కామ, పొట్టి మనిషికి ఒక కామ. ఎడమచేతివాటం మనిషిది ఇంకో తీరు. ఇంట్లో అన్నదమ్ముల పారలు పక్కపక్కన గోడకు ఆనించి ఉన్నా చీకట్లో ఎవరిది వాళ్లు తీసుకుపోయేవారు, తడిమి చూసి. రోజంతా పనిచేసే చేతికి పనిముట్టు అలా అమరాలి. రోజుకు ఎనిమిది గంటలు అక్షరాలు కొట్టే కుర్రవాడు తన వేలికి నచ్చిన మీట చెక్కుకోవడం నాకు అలాగే కనపడింది.

మన భాషకైతే ఈ అవస్థ తరతరాలది. అమెరికాలో రెమింగ్టన్ కంపెనీ 1874లో అమ్మడం మొదలుపెట్టిన టైపు మిషను 26 అక్షరాల కోసం పుట్టింది. దాన్ని తెలుగు చేతికి అమర్చడం మాటలు కాదు. 40 పైచిలుకు మీటలు, షిఫ్టుతో కలిపితే 90 దాకా ముద్రలు. అందులోనే మన హల్లులు, తలకట్లు, గుడులు, కొమ్ములు, ఒత్తులు అన్నీ ఇరకాలి. అక్షరాన్ని ముక్కలు చేశారు. కొన్ని మీటలు కొడితే ముద్ర పడుతుంది గాని క్యారేజీ జరగదు, తర్వాతిది వచ్చి దానితోనే కలుస్తుంది. ఒత్తు కాస్త అటూ ఇటూ పడేది, గుడి కొంచెం ఎడంగా నిలబడేది. పాత కోర్టు కాగితాల్లో, తాలూకా ఆఫీసు ఉత్తరాల్లో ఆ ఎడం ఎడం తెలుగు చూసినప్పుడల్లా దాన్ని కొట్టిన గుమాస్తా వేళ్ల మీద నాకు గౌరవం కలుగుతుంది. అంత కష్టమైన దారిలో నడిచి కూడా ఆయన తెలుగే రాశాడు.

అంతకుముందు కంపోజిటర్లు. తెనాలిలో, బెజవాడలో, గుంటూరులో అచ్చాఫీసుల నిండా సీసపు అక్షరాల కేసులు. వందల గళ్లు. ఎడమచేతిలో స్టిక్, కుడిచేయి గళ్ల మీద. ఏ గుణింతం ఏ గడిలో ఉందో వెతకడం ఉండేది కాదు, చేయి దానంతటదే వెళ్లేది. అక్షరాన్ని వెనుక నుంచి చదివే కళ్లు వాళ్లవి.

టైపు ఇనిస్టిట్యూట్లు చూసినవారు ఇప్పటికీ చాలామందే ఉన్నారు. పదో తరగతి అయిపోగానే వేసవి సెలవుల్లో చేర్పించేవారు. పొద్దున్నే ఆరింటికే బ్యాచి. ఏ ఎస్ డి ఎఫ్, సెమీకోలన్ ఎల్ కే జే అని కొడుతుంటే ముప్ఫై మిషన్ల చప్పుడు వీధి చివరి దాకా వినిపించేది. లోయరు, హయ్యరు పాసైతే ఎక్కడో ఒకచోట ఉద్యోగం దొరుకుతుందని నమ్మకం. గోద్రెజ్ వాళ్లు 1955లో మన దేశంలో తయారుచేసిన తొలి టైపు మిషనును తెచ్చిన దగ్గర్నుంచి ఎన్ని వేల కుటుంబాలు ఆ మీటల మీద బతికాయో. చిటికెన వేలితో 'ఏ' కొట్టడానికి పడ్డ పాట్లు అందరికీ గుర్తే. ఆ వేలికి బలం వచ్చేసరికి వేసవి అయిపోయేది.

కంప్యూటరు వచ్చాక మీటలు తేలికయ్యాయి, దారులు పెరిగాయి. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ లిపులకు ఒకే అమరికగా ఇన్‌స్క్రిప్ట్‌ను తీసుకొచ్చింది. గుణింతపు గుర్తులు ఎడమచేతి కింద, హల్లులు కుడిచేతి కింద. 'క' మీటకే షిఫ్టు పట్టి కొడితే 'ఖ', 'త' మీటకు షిఫ్టు పడితే 'థ'. తెలుగు 'క' ఎక్కడుందో హిందీ 'క' కూడా అక్కడే. ఎంతో ఆలోచించి చేసిన పని అది. డీటీపీ సెంటర్లలో మాత్రం అను ఫాంట్లు, వాటితో యాపిల్, మాడ్యులర్ అమరికలు స్థిరపడ్డాయి. సముద్రం అవతల మనవాళ్లకు తెలుగు మీటలే లేవు. 1990ల్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువాళ్లు ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసే ఆర్టీఎస్ పద్ధతి పెట్టుకున్నారు. చిన్న 'టి' కొడితే 'త', పెద్ద 'టి' కొడితే 'ట'. 2006లో వీవెన్ చేసిన లేఖిని అనే వెబ్ పేజీ ఆ దారినే ఎందరికో తెలుగులో మొదటి వాక్యం రాయించింది. ఇంటికి దూరంగా ఉన్నవాడు కొట్టిన మొదటి తెలుగు మాట 'అమ్మ' అయి ఉంటుందని నాకు ఊరికే అనిపిస్తుంది.

ఇప్పుడు ఫోనులో మీటలే లేవు. అద్దం మీద వేలు జరిపితే చాలు, అదీ వద్దనుకుంటే నోటితో చెబితే అదే రాసుకుంటుంది. పొలంలో ఉన్న రైతు చదువుతో పనిలేకుండా కొడుకుకు సందేశం పంపగలుగుతున్నాడు. అంతకంటే కావలసిందేముంది. అయినా వేలు మాత్రం తనకు ఎదురు నిలిచి జవాబు చెప్పే మీట కోసం ఎక్కడో వెతుక్కుంటూనే ఉన్నట్టుంది. లేకపోతే పత్తి నిల్వ చేసిన గదిలో కూర్చుని ఓ కుర్రాడు స్టార్టరు బటన్ ఎందుకు తుడుస్తాడు?

గుంటూరు అరండల్‌పేటలో ఒక డీటీపీ సెంటరు ఉంది. పెళ్లిళ్ల సీజను వచ్చిందంటే శుభలేఖల మీద శుభలేఖలు. అక్కడ పనిచేసే ఆవిడ యాపిల్‌లో కొడుతుంది. పాతికేళ్లుగా అదే పని. కీబోర్డు మీద అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి, నల్లటి నున్నటి గళ్లు మిగిలాయి. ఆవిడ వాటివంక చూడదు. పెళ్లివారు పేర్లు చెబుతుంటే వాళ్ల ముఖం వంక చూస్తూనే కొడుతుంది. 'చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి' అన్నది ఆవిడ వేళ్ల కింద రెప్పపాటులో పడిపోతుంది. ఒక సెంటరు మానేసి ఇంకో సెంటరులో చేరినప్పుడు తన కీబోర్డును గుడ్డసంచిలో పెట్టుకుని వెంట తీసుకుపోయిందట. యజమాని కొత్తది కొనిస్తానన్నా వద్దందట.

చిలకలూరిపేట అబ్బాయి సంగతి ఆవిడకు చెప్పాను. మౌసు స్విచ్‌లతో కీబోర్డా అని ముందు ఆశ్చర్యపోయింది. తర్వాత చేతిలో పని ఆపి, కుడిచేతి చిటికెన వేలు ఒకసారి చాచి ముడిచి చూసుకుంది.

"మన తెలుగుకు షిఫ్టుతోనే సగం పని కదండీ. సాయంత్రానికి ఈ వేలు లాగేస్తుంది. షిఫ్టు ఒక్కదానికి మెత్తటి స్ప్రింగు వేసి ఇస్తాడేమో ఆ అబ్బాయిని అడుగుతారా? మిగతావి ఎలా ఉన్నవి అలాగే ఉంచమనండి, అలవాటైపోయాయి."

ఫోను నంబరు రాసి ఇచ్చాను.